చూరు కట్టిన చక్రం

మణిశంకర్ గారు మా కాలేజీలో చేరిన రోజున ఆయన చంకలో ఒక న్యూస్‌పేపరు పొట్లం ఉంది. స్టాఫ్ రూములో నా పక్క కుర్చీ చూపించారు. కూర్చుని పొట్లం విప్పి, అరచేతిలో పట్టేంత అల్యూమినియం చక్రం ఒకటి బల్ల మీద పెట్టారు. దాని రెక్కలు విచ్చుకున్న పువ్వులా ఒకే వైపుకి వంగి ఉన్నాయి.

"ఏంటండీ ఇది?" అన్నాను.

"లారీ టర్బోలోదండి. రావులపాలెంలో పాత ఇనప కొట్లో దొరికింది. ఈ రెక్కల అంచులు చూడండి."

చూశాను. అంచులన్నీ అరిగి, మొద్దుబారి ఉన్నాయి.

"పైనున్న మూతకి రాసుకుందండి. రాసుకుంటే మధ్యలో సందు పెరిగిపోతుంది. మీ గోరు దూరేంత పెరిగినా చాలు, ఇక బండి లాగదు."

తన పేరు చెప్పడం మాత్రం మరిచిపోయారు. మధ్యాహ్నం రిజిస్టరులో సంతకం చేస్తుంటే చూసి తెలుసుకున్నాను.

అది 1998. జిల్లాలో ఇంజనీరింగ్ కాలేజీలు ఒకదాని వెంట ఒకటి లేస్తున్న రోజులు. మాది రావులపాలెం దాటాక, అరటితోట కొట్టించి కట్టిన కాలేజీ. వాన పడ్డ వారానికల్లా క్యాంటీనుకీ వర్క్‌షాపుకీ మధ్య అరటి పిలకలు లేచేవి, అటెండర్లు పారలతో చెక్కుతూ ఉండేవారు. ఆ తోట ఆసామి గణేష్‌బాబు గారే మా కరస్పాండెంటు. చదువుకున్నవాళ్లంటే ఆయనకి మర్యాద ఉంది. కానీ తోటలో కూలీలని చూసుకునే అలవాటు కొద్దీ, క్లాసులు జరుగుతుంటే వరండాలో చేతులు వెనక్కి కట్టుకుని తిరిగేవారు.

నేను ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. మణిశంకర్ గారు మెకానికల్. ఇద్దరం రాజమండ్రి నుంచి కాలేజీ బస్సులో వచ్చేవాళ్లం. ఆయన గురించి నాకు తెలిసిందంతా ఆ బస్సులో తెలిసిందే. వాళ్లది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లె. తండ్రి పౌరోహిత్యం చేసేవారు. అన్నగారు ఆ దారిలో వెళితే, ఈయన చేలో నీళ్ల ఇంజను విప్పినప్పుడల్లా అక్కడికి పోయి కూర్చునేవారట. ఎం.టెక్. చదివి వేరే రాష్ట్రంలో ఒక ఎరువుల ఫ్యాక్టరీలో చేరారు. అక్కడ గాలిని నొక్కి పంపే పెద్ద కంప్రెసరు ఉండేది. ఓ ఏడాదంతా ఉత్పత్తి తగ్గిపోయి, కారణం తెలియక ఇంజనీర్లు ఒకరినొకరు తిట్టుకున్నారట. చివరికి మెషిను విప్పితే, లోపల చక్రం రెక్కల అంచులు అరిగి ఉన్నాయి. ఆ అరుగుదల ఓ అట్టముక్క మందం కూడా లేదు.

"ఇంత ఫ్యాక్టరీ, ఇంతమంది మనుషులు, అంత చిన్న సందు దగ్గర ఓడిపోయారండి. అప్పట్నుంచీ నా బుర్ర ఆ అంచు దగ్గరే ఉండిపోయింది" అనేవారు.

పెళ్లయ్యాక భార్య ఉమాశ్రీ గారికి రాజమండ్రి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం వచ్చింది. గవర్నమెంటు ఉద్యోగం వదులుకోవడం ఎందుకని ఈయనే ఫ్యాక్టరీ వదిలి వచ్చారు. ఇక్కడ పాఠాలు చెప్పుకుంటూ, ఆ అంచు మీదే పరిశోధన చేసి పిహెచ్.డి. తెచ్చుకోవాలని ఆయన ఆలోచన. విశాఖపట్నంలో శ్రీరామమూర్తి గారనే ప్రొఫెసరు దగ్గర రిజిస్టరు చేసుకున్నారు.

ఓ రోజు జొన్నాడ వంతెన మీద బస్సు ఆగిపోతే, నాకు మొత్తం విషయం విడమరిచి చెప్పారు.

"తడిసిన గొడుగు గిర్రున తిప్పితే నీళ్లు అంచు నుంచి ఎగిరిపోతాయి కదండీ. ఈ కంప్రెసరు కూడా అంతే. చక్రం మధ్యలోంచి గాలిని పీల్చి, తిప్పి, అంచు బయటికి విసురుతుంది. విసిరిన గాలిని ఇరుకులోకి పట్టి వత్తిడి పెంచుతాం. రెక్క బయటి అంచుకీ, మీదున్న మూతకీ మధ్య కాస్త సందు ఉంచాలి. లేకపోతే రాసుకుంటుంది. రెక్కకి ఒక పక్క వత్తిడి ఎక్కువ, రెండో పక్క తక్కువ. ఎక్కువ పక్క గాలి ఆ సందులోంచి అవతలికి దూకేస్తుంది. దూకి సుడి తిరుగుతుంది. మనం ఖర్చు పెట్టిన కరెంటు కొంత ఆ సుడికే పోతుంది. పైగా గాలి వాడకం తగ్గించినప్పుడు, ఆ సుళ్లు పెద్దవై, నొక్కిన గాలంతా వెనక్కి తన్నుతుంది. మెషిను ఆయాసం వచ్చిన మనిషిలా ఎగపోస్తుంది. దాన్నే సర్జ్ అంటారు."

"మరి మీరేం చేస్తారు?"

"సందు ఉండాల్సిందే. అందుకని అంచు ఆకారం మార్చి చూస్తానండి. మామూలు అంచు ఒకటి, పల్చగా చెక్కిన అంచు ఒకటి. మూడోది..." అని అరచెయ్యి నిలువుగా పెట్టి, దాని మీద రెండో చెయ్యి అడ్డంగా ఆనించారు. "రెక్క కొసని ఇంటి చూరులా కాస్త పక్కకి చాపుతాను. దూకాలంటే గాలికి దూరం పెరుగుతుంది కదా, తక్కువ దూకుతుందని నా నమ్మకం."

గణేష్‌బాబు గారిని అడగడానికి నన్ను కూడా తోడు తీసుకెళ్లారు. ఆయన అంతా విని ఒక్క ప్రశ్న వేశారు.

"ఇన్‌స్పెక్షన్ కమిటీకి చూపించుకోవచ్చాండీ?"

"చూపించుకోవచ్చండి."

"అయితే వర్క్‌షాపు వెనక రేకుల షెడ్డు ఖాళీగానే ఉంది. వాడుకోండి. లోవరాజుని కూడా ఇస్తాను."

లోవరాజు మా వర్క్‌షాపులో లేతు మీద పనిచేసేవాడు. తుని వైపు మనిషి. రైసు మిల్లుల్లో తిరిగి తిరిగి రావులపాలెంలో స్థిరపడ్డాడు. మణిశంకర్ గారి ఈడే, నలభైకి దగ్గర్లో ఉన్నాడు. కాలేజీ రోల్సులో లేడు, రోజుకూలీ. ఎంత చిన్న పని చెప్పినా "ఆయ్" అని చేసేవాడు, చేశాక గుడ్డతో తుడిచి రెండు చేతులతో అందించేవాడు. అంతకు ముందు అతనికి కాలేజీలో చెప్పిన పనులన్నీ తలుపు గెడలు, బెంచీల కాళ్లూ. ఒక మనిషి తనని పక్కన కూర్చోబెట్టుకుని ఫలానాది ఎందుకు చేస్తున్నామో చెప్పడం అతనికి కొత్త.

ఏడాది పైగా ఇద్దరూ ఆ షెడ్డులోనే గడిపారు. రాజమండ్రిలో ఒక ఫౌండ్రీలో చక్రాలు పోత పోయించారు. పిల్లల భోజనం కంచమంత ఉండేవి. లోవరాజు వాటిని లేతు మీద తిప్పి, ఆకురాయితో రెక్కలు సాపు చేసేవాడు. మూడో చక్రానికి రెక్క రెక్కకీ చూరులా సన్నని అల్యూమినియం పట్టీ ఆర్గాన్ వెల్డింగు చేయించారు. మోటారు, బెల్టులు, గొట్టాలు, వత్తిడి కొలవడానికి రంగునీళ్లు పోసిన గాజు గొట్టాలు, అన్నీ కూడేసరికి షెడ్డులో నడవడానికి చోటు లేకుండా పోయింది. ఉమాశ్రీ గారు కేరియర్లో పెట్టిన కంద బచ్చలి కూర సగం లోవరాజుకి వెళ్లేది. లోవరాజు భార్య రత్నమాణిక్యం పంపిన చక్రకేళీ పళ్లు ఉమాశ్రీ గారికి వెళ్లేవి. రత్నమాణిక్యం బజారులో అరటిగెలల లోడింగు దగ్గర పనిచేసేది.

2000 సంవత్సరం వేసవిలో మూడు చక్రాలూ తిప్పి చూశారు. మామూలు అంచుది ఎలా ఉంటుందనుకున్నారో అలాగే ఉంది. పల్చటి అంచుది కాస్త తీసికట్టుగా ఉంది. చూరు చక్రం పెట్టి మోటారు వేయగానే గాజు గొట్టంలో రంగునీళ్లు మొదటి రెండింటి కంటే పైకి లేచి నిలబడ్డాయి. గాలి తగ్గిస్తూ పోతే సర్జ్ కూడా ఆలస్యంగా వచ్చింది.

నేను వెళ్లేసరికి మణిశంకర్ గారు స్టూలు మీద కూర్చుని చొక్కా కొసతో కళ్లజోడు తుడుచుకుంటున్నారు. లోవరాజు ఆయన కోసం శుభ్రమైన గుడ్డ వెతుకుతున్నాడు.

"వచ్చిందండి" అన్నారు, అంతే. మర్నాడు స్టాఫ్ అందరికీ తాపేశ్వరం కాజాలు తెచ్చారు. గణేష్‌బాబు గారు ఫోటోగ్రాఫరుని పిలిపించి, షెడ్డు ముందు మణిశంకర్ గారు చక్రం పట్టుకున్న ఫోటో తీయించి బ్రోచరులో వేయించారు. ఫోటోలో లోవరాజు కూడా ఉన్నాడు కానీ అచ్చులో పక్కకి పోయాడు. భుజం ఒక్కటే మిగిలింది. అతను ఆ బ్రోచరు ఇంట్లో గోడకి అంటించుకుని, వచ్చినవాళ్లకి ఆ భుజం తనదని చూపించేవాడట.

విశాఖపట్నంలో శ్రీరామమూర్తి గారు లెక్కలు చూసి మెచ్చుకున్నారు కానీ ఒక ప్రశ్న వేశారు.

"వత్తిడి పెరిగింది, బావుంది. చూరు వల్లే పెరిగిందని ఎలా చెప్తావు? గాలి ఆ అంచు దగ్గర ఏం చేస్తోందో చూశావా?"

చూడలేదు. మూత ఇనుముది, లోపలిది కనబడదు. మణిశంకర్ గారు తిరిగి వచ్చేటప్పుడు రైల్లోనే ఉపాయం ఆలోచించుకున్నారు. ఇంకో మూత చేయించి, దానిలో కొంత భాగం కోసేసి, అక్కడ అద్దంలా కనబడే ఆక్రిలిక్ పలక బిగించాలి. రెక్కల అంచులకి సన్నటి దారపు ముక్కలు అంటించాలి. గాలి ఎటు పోతే దారం అటు వాలుతుంది. తిరిగే చక్రం మీద దారం కనబడాలంటే మా ఫిజిక్స్ ల్యాబులో ఉన్న స్ట్రోబ్ లైటు కావాలి. అది చక్రం వేగానికి సరిగ్గా మ్యాచ్ అయ్యేలా వెలిగి ఆరుతుంటే, గిర్రున తిరిగే చక్రం కూడా కదలకుండా నిలబడ్డట్టు కనబడుతుంది. లైటు అడిగారు, ఇచ్చాను.

మొదటిసారి దాన్ని వెలిగించినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ఎండ పడకుండా షెడ్డు కిటికీలకి గోనెలు కట్టారు. మోటారు హోరెత్తుతోంది, చెవులు గింగురుమంటున్నాయి. మణిశంకర్ గారు లైటు మీట మెల్లగా తిప్పుతుంటే, మసకగా ఉన్న చక్రం ఒక్కొక్క రెక్కగా విడిపడి, చివరికి పూర్తిగా ఆగిపోయింది. ఆ ఆగిన రెక్కల కొసన దారాలు నాచు కదిలినట్టు కదులుతున్నాయి. లోవరాజు నోరు తెరుచుకుని చూశాడు.

"తిరగట్లేదండి ఇది" అన్నాడు.

"తిరుగుతోంది లోవరాజూ. నీ కంటికి అలా ఉంది."

"చెయ్యెట్టి ఆపొచ్చు అన్నట్టుందండి."

ఆ వారమంతా దారాల పరిశీలనే. లోవరాజు పలక దగ్గర నిలబడి దారాలు ఎప్పుడు అడ్డం తిరిగాయో చెప్పేవాడు. మణిశంకర్ గారు గాలి పోయే వాల్వు దగ్గర నిలబడి దాన్ని కొద్దికొద్దిగా మూసేవారు. ఇద్దరిలో ఎవరు ఎక్కడ నిలబడాలని ఎవరూ ఆలోచించుకోలేదు. వాల్వు పక్కనే గాజు గొట్టాలున్నాయి, అవి చూసి రాసుకోవాల్సింది మణిశంకర్ గారు కాబట్టి ఆయన అక్కడున్నారు.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక జరిగింది. నేను క్లాసులో ఉన్నాను. తరవాత ఆయన నోట విన్నదే చెబుతున్నాను. వాల్వు మూస్తుంటే సర్జ్ మొదలైంది. మెషిను ఎగపోత అందుకుంది. మామూలుగా అయితే వెంటనే వాల్వు తెరవాలి. కానీ గాలి వెనక్కి తన్నే క్షణంలో దారాలు ఏమవుతాయో చూడాలని శ్రీరామమూర్తి గారికి మాటిచ్చి ఉన్నారు.

"లోవరాజూ, కనబడుతున్నాయా?" అని అరిచారు.

"ఒకవైపే కనబడుతున్నాయండి" అంటూ లోవరాజు ముఖం పలకకి దగ్గరగా పెట్టాడు.

"ఇంకొంచెం చూడు. ఇంకొంచెం ఉంచుతాను."

సర్జ్‌లో ఒక్కో రెక్క మీదా గాలి సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. ఒక చూరు పట్టీ వెల్డింగు దగ్గర విడిపోయింది. రెక్కలకీ మూతకీ మధ్య ఇరుక్కుని, ఆక్రిలిక్ పలకని పగలగొట్టింది. క్లాసులో మాకు వినబడింది ఓ పెద్ద చప్పుడు, ఆ వెనకే మోటారు ఆగిపోవడం. పరిగెత్తి వెళ్లేసరికి లోవరాజు నేల మీద కూర్చుని, కుడి కంటి మీద చెయ్యి పెట్టుకుని ఉన్నాడు. అరవడం లేదు. మణిశంకర్ గారు పక్కన మోకాళ్ల మీద కూర్చుని అతని రెండో చెయ్యి పట్టుకున్నారు. స్ట్రోబ్ లైటు ఇంకా వెలిగి ఆరుతూనే ఉంటే నేనే ఆపాను.

కాలేజీ జీపులో కాకినాడ తీసుకెళ్లాం. కన్ను దక్కలేదు.

గణేష్‌బాబు గారు చెడ్డమనిషి అనను. ఆసుపత్రికి వచ్చారు, రత్నమాణిక్యానికి ధైర్యం చెప్పారు. కానీ మర్నాడే షెడ్డుకి తాళం వేయించారు. మణిశంకర్ గారు ఆయన గదిలోకి వెళ్లి, తప్పు తనదేననీ, పోలీసులకి అలాగే చెబుతాననీ, లోవరాజుకి కాలేజీ పర్మనెంటు ఉద్యోగం ఇవ్వాలనీ అడిగారు. గణేష్‌బాబు గారు కోపం తెచ్చుకోలేదు.

"చెప్పండి. చెప్తే ఏమవుద్ది? కాలేజీకి పర్మిషన్ పోద్ది. ఇంతమంది పిల్లల చదువు పోద్ది. కాలేజీయే లేకపోతే లోవరాజుకి ఉద్యోగం ఎవరిస్తారండీ? నిదానంగా ఆలోచించండి."

మణిశంకర్ గారు ఆలోచించారు. పోలీసుల దాకా వెళ్లలేదు. లోవరాజు కట్టు విప్పాక పనిలోకి వచ్చాడు. ఒక్క కన్నుతో దూరం అందేది కాదు. లేతు మీద ఉలి ఎక్కడుందో, తిరిగే కమ్మీ ఎక్కడుందో తేడా తెలియక రెండుసార్లు వేళ్లు పోగొట్టుకోబోయాడు. అతని మంచికేనని పనిలోంచి మానిపించారు. బజారులో లారీల్లోకి గెలలు ఎక్కించే దగ్గర, ఎండుటాకులు పరిచే పని దొరికింది.

ఇదంతా అయ్యాక, మిగిలిన సంగతి ఇంకొకటి ఉంది. మణిశంకర్ గారికి దాని మీద నిద్ర పట్టేది కాదు. వెల్డింగు ఎందుకు విడిపోయిందో తెలుసుకోవాలి, నన్ను షెడ్డులోకి వెళ్లనివ్వండి అని గణేష్‌బాబు గారి వెంటపడ్డారు. ఆర్నెల్లకి ఒక ఆదివారం తాళం ఇచ్చారు. తోడుగా నేను వెళ్లాను. ఆయన విరిగిన చక్రాన్ని బల్ల మీద పెట్టి చాలాసేపు కొలిచారు. తరవాత మామూలు చక్రాన్ని కొలిచారు. మళ్లీ మొదటిదాన్ని కొలిచారు.

"సుధాకర్ గారూ, ఇలా రండి" అన్నారు.

వెల్డింగు వేడికి చూరు చక్రం రెక్కలు కాస్త పైకి వంగాయి. కంటికి తెలియనంత. అందువల్ల మూతకీ వాటికీ మధ్య సందు, మిగిలిన చక్రాలకి ఉన్నదానికంటే తక్కువైంది. తిప్పే ముందు సందు కొలిచారు గానీ, అన్ని రెక్కల దగ్గరా కొలవలేదు. సందు తగ్గితే వత్తిడి ఎలాగూ పెరుగుతుంది. చూరు ఉన్నా పెరుగుతుంది, లేకపోయినా పెరుగుతుంది.

"అంటే?" అన్నాను, అర్థమవుతూనే ఉన్నా.

ఆయన మామూలు చక్రాన్నే ఎక్కించి, ఇరుసు వెనక పల్చటి రేకులు పెట్టి ముందుకి జరిపి, సందు సరిగ్గా అంతే ఉండేట్టు చేశారు. పాత ఇనప మూత బిగించారు. మోటారు వేశారు. గాజు గొట్టంలో రంగునీళ్లు లేచి, ఆ వేసవిలో ఎక్కడ నిలబడ్డాయో అక్కడే నిలబడ్డాయి. నిజానికి ఓ వెంట్రుకవాసి ఎక్కువే.

మోటారు ఆపాక షెడ్డు రేకుల మీద కాకి నడుస్తున్న చప్పుడు వినబడింది.

"చూరు ఏ పనీ చెయ్యలేదండి. లోవరాజు కన్ను పెట్టి చూసినచోట అసలు చూడ్డానికేమీ లేదు" అన్నారు.

శ్రీరామమూర్తి గారికి ఫోనులో చెబితే, ఆయన దయగానే మాట్లాడారట. పనికిరాదని తేలడం కూడా ఫలితమేననీ, అలాగే థీసిస్ రాసెయ్యమనీ, పరీక్ష చేసేవాళ్లు ఒప్పుకుంటారనీ అన్నారట. మణిశంకర్ గారు కూర్చున్నారు కూడా. ప్రయోగం ఎలా జరిగిందో చెప్పే అధ్యాయం వచ్చేసరికి, పలక దగ్గర ఒక మనిషి నిలబడి చూశాడని రాయాలి. అక్కడ ఆగిపోయేవారు. ఉమాశ్రీ గారు ఓసారి నాతో అన్నారు: "ఆయన్ని నేను రాయమనీ అనలేనండి, మానమనీ అనలేను. ఎక్స్ఛేంజిలో రోజంతా ఇంతమంది మాటలు కలుపుతాను, ఇంట్లో ఒక్క మాట దొరకట్లేదు." శ్రీరామమూర్తి గారు రిటైరయ్యారు. గడువు దాటి రిజిస్ట్రేషన్ పోయింది.

నెలకో ఆదివారం మాత్రం మణిశంకర్ గారు లోవరాజు ఇంటికి వెళ్లేవారు. ఒక్కరే వెళ్లలేక నన్ను రమ్మనేవారు. లోవరాజు ఎప్పుడూ నవ్వుతూ ఎదురొచ్చేవాడు. గోడ మీద బ్రోచరు అలాగే ఉంది. కూర్చోగానే అడిగే మాట ఒకటే.

"మన చక్రం ఎందాకా వచ్చిందండి?"

"నడుస్తోంది లోవరాజూ" అనేవారు ఈయన.

బజారులో లోవరాజు దాని గురించి అందరికీ చెప్పుకున్నాడు. నా కన్ను ఊరికే పోలేదు, మా మాస్టారు కట్టిన చూరు రేపు పెద్ద పెద్ద ఫ్యాక్టరీల్లో పెడతారు అనేవాడట. లోడింగు కుర్రాళ్లు వెక్కిరించినా పట్టించుకునేవాడు కాదు.

2003లో అనుకుంటాను, ఆ ఆదివారం లోవరాజు ఎప్పటిలా అడగలేదు. మంచం మీద కూర్చుని, ఉన్న కన్ను చికిలించి ఆయన్నే చూశాడు. ఆ కన్ను కూడా మసకబారుతోందని అంతకు ముందే డాక్టర్లు చెప్పారు. దెబ్బ తిన్న కన్ను రెండోదాన్ని కూడా ఒక్కోసారి లాగేస్తుందట.

"మాస్టారండీ, నాకు సరిగ్గా చెప్పండి. ఇంకెన్నాళ్లు కనబడతాదో తెలీదు. ఆ చక్రం ఎక్కడైనా పెట్టారంటే ఒకసారి చూసొస్తాను. పెట్టారాండీ?"

మణిశంకర్ గారు నా వంక చూశారు. నేను నేల చూశాను. అబద్ధం చెప్పడం ఆయనకి రాదని కాదు, రెండేళ్లుగా చెబుతూనే ఉన్నారు. కానీ అతను అడిగిన తీరుకి ఆయన తట్టుకోలేకపోయారు.

"పెట్టలేదు లోవరాజూ. పెట్టరు. ఆ చూరు వల్ల ఏమీ లేదు. మనం చూసింది వేరే కారణం వల్ల జరిగింది. నేను కొలవడంలో పొరపాటు చేశాను."

లోవరాజుకి వెంటనే అర్థం కాలేదు. ఈయన సందు గురించి, వెల్డింగు వేడి గురించి, మొదట్లో షెడ్డులో చెప్పినట్టే అంతా నెమ్మదిగా చెప్పారు. అతను కూడా అప్పట్లాగే తల ఊపుతూ విన్నాడు. అంతా అయ్యాక "ఆయ్" అన్నాడు. తరవాత అటు తిరిగి పడుకున్నాడు.

మేము లేచి వచ్చేస్తుంటే రత్నమాణిక్యం వీధి మలుపు దాకా వెంట వచ్చింది. ఆవిడ మొదట్నుంచీ మాతో ఎక్కువ మాట్లాడింది లేదు.

"మీరు మంచోరేనండి. నేను కాదన్ను" అంది. "కానీ ఆ ఒక్కటీ ఉంచవలసిందండి ఆయనకి. ఏముందని తీసేసుకున్నారు?"

మణిశంకర్ గారు చేతులు జోడించారు.

"ఇంక రాకండి బాబూ. మీరొస్తే ఆయన లేచి కూర్చోవాలి, నవ్వాలి. ఇంక నవ్వలేడు."

మళ్లీ వెళ్లలేదు. గోడ మీద బ్రోచరు ఆ సాయంత్రమే చింపేశాడని తరవాత బజారులో ఎవరో చెప్పారు.

ఆ తరవాతి సంవత్సరాల్లో చెప్పుకోవలసింది పెద్దగా లేదు. పిహెచ్.డి. ఉంటేనే పైకి వెళ్లాలని రూల్సు గట్టిపడ్డాయి. మణిశంకర్ గారి దగ్గర చదువుకున్న పావని అనే అమ్మాయి బయట పిహెచ్.డి. చేసి వచ్చి డిపార్ట్‌మెంటు హెడ్ అయింది. ఆయనంటే ఆ అమ్మాయికి ఎంతో గౌరవం. అందుకే ఆయన్ని బాధపెట్టకుండా, కంప్రెసర్లూ పంపులూ ఉన్న పేపరు వేరేవాళ్లకిచ్చి, ఈయనకి మొదటి సంవత్సరం ఇంజనీరింగ్ డ్రాయింగు ఇచ్చింది. ఆయన థాంక్స్ చెప్పారు. షెడ్డులో సరంజామా అంతా తూకానికి వేసి, అక్కడ జనరేటరు పెట్టారు. పిల్లలకి గీతలు గీయించి, నాలుగింటికి బస్సెక్కి కూర్చునేవారు. బస్సులో మాటలు తగ్గిపోయాయి. జొన్నాడ వంతెన మీద వరద చూడమని నేనంటే చూసేవారు, లేకపోతే లేదు.

2008లో కాలేజీలో మనుషుల్ని తగ్గించినప్పుడు ఆయన పేరు కూడా వచ్చింది. చివరి రోజు కాలేజీ బస్సు ఎక్కకుండా, రావులపాలెం దాకా నడుద్దామా అన్నారు. నేనూ దిగాను.

బజారు దగ్గరికి వచ్చేసరికి, ఎందుకు నడుద్దామన్నారో నాకు అర్థమైంది. సాయంత్రం లోడింగు జరుగుతోంది. లారీల పక్కన గెలలు కుప్పలుగా ఉన్నాయి. ఒక లారీ నీడలో లోవరాజు బోర్లించిన గంప మీద కూర్చుని ఉన్నాడు. రెండో కన్ను కూడా పూర్తిగా పోయి అప్పటికి రెండేళ్లయింది. రత్నమాణిక్యం కాస్త దూరంలో గెలలు అందిస్తోంది. ఇంట్లో ఒక్కణ్ణీ వదల్లేక రోజూ అతన్ని తనతో తెచ్చుకుని అక్కడ కూర్చోబెడుతుంది.

మణిశంకర్ గారు వెళ్లి అతని ముందు నిలబడ్డారు. ఒక మనిషి వచ్చి నిలబడ్డాడని లోవరాజుకి తెలిసింది. ముఖం పైకెత్తాడు.

"ఎవరండీ?"

మణిశంకర్ గారి పెదవులు కదిలాయి. గొంతు గుర్తుపడతాడని భయమో, గుర్తుపట్టడేమోనని భయమో, ఆయన నాకు ఎప్పుడూ చెప్పలేదు.

"లారీవోరాండీ?" అన్నాడు లోవరాజు మళ్లీ, మర్యాదగా. "ఆడోళ్లు అటేపున్నారండి. అడగండి."

జవాబు రాకపోయేసరికి కాసేపు అలాగే చెవి ఒగ్గి ఉండి, తల దించుకున్నాడు. దూరం నుంచి రత్నమాణిక్యం మమ్మల్ని చూసింది. పని ఆపలేదు, పిలవలేదు.

మేము స్టాండుకి వచ్చి రాజమండ్రి బస్సెక్కాం. సీట్లు లేవు. దారంతా ఇద్దరం నిలబడే వెళ్లాం.